దూకుడు ఓనరుతో పోకరు

దూకుడుగా పందెం కాసేవాడు ఎదురుగా కూర్చుంటే భయపడేవాళ్లు ఒట్టి అమాయకులు! అలాంటివాడు దొరకడం పూర్వజన్మ సుకృతం. నమ్మరా? అశోక్ నగర్‌లో కింది పోర్షన్‌లో కిరాయికుండే ఇంద్రసేన సంగతి వినండి.

బషీర్‌బాగ్‌లో గుమాస్తాగిరీ చేసే ఇంద్రసేనకు ఇంట్లో ఒకటే పరేషాన్. నీళ్లు! నల్లా వచ్చే తెల్లవారుజామున పై పోర్షన్‌లో ఉండే ఓనరు జగన్నాథరావు మోటరు వేస్తాడు. తన ట్యాంకు పొంగి వీధి తడిసేదాకా ఆపడు. అప్పటికి కింది నల్లాలో గాలి తప్ప ఏమీ మిగలదు. మోటరు గది తాళంచెవి ఎప్పుడూ ఆయన మొలతాడుకే ఉంటుంది.

"బిందె పట్టుకొని ఎన్నిసార్లు పక్కింటికి పోవాలండి? ఆయన్ని జర గట్టిగ అడుగుండ్రి" అని భార్య మనోరమ రోజూ పోరుతుంది. గట్టిగా అడగడమా? ఇంద్రసేనా? ఆఫీసులో ఫ్యాన్ వేయమని అడగడానికే అతనికి నోరు పెగలదు!

అడగలేడు గానీ, ఆదివారం మధ్యాహ్నం డాబా మీద ఓనరుతో పేకాడతాడు. ఓనరు బావమరిది ఎవరో నారాయణగూడ నుంచి వచ్చి నేర్పిపోయిన పోకరు అది. చేతికి ఐదు ముక్కలు, పందేనికి చింతగింజలు. పందెం కాశాక నచ్చని ముక్క మార్చుకోవచ్చు.

జగన్నాథరావు ఆట చూసి తీరాలి! చేతిలో ఏమీ లేకపోయినా గుప్పెడు గింజలు విసురుతాడు. "దమ్ముంటే రా!" అంటాడు. ఎదుటివాడు హడలిపోయి ముక్కలు కింద పెట్టేస్తాడు. చిక్కడపల్లి నుంచి వచ్చే మిత్రులు ఈ దెబ్బకే రావడం మానేశారు.

మొన్న ఆదివారం ఇంద్రసేనకు ఇస్పేటులో ఆరు, ఏడు, ఎనిమిది, తొమ్మిది వచ్చాయి. ఐదోది పనికిరాని డైమండ్ రాజు. దాన్ని మారిస్తే ఇస్పేటు ఏది వచ్చినా ఐదూ ఒకే రంగు, బంగారమే. ఏ ఐదో, పదో వచ్చినా వరస కుదురుతుంది. రాకపోతే మాత్రం చేతిలో ఉన్నది చెత్త!

ఇలాంటప్పుడు మీరైతే ఏం చేస్తారు? ఓనరును బెదిరిస్తారా? ఆయన బెదరడు కదా! ఇంద్రసేనకు బెదిరించడం ఎలాగూ రాదు. అందుకే ఓనరు గుప్పెడు వేస్తే తనూ గుప్పెడు వేశాడు. మళ్లీ వేస్తే మళ్లీ వేశాడు. చూశారా సౌకర్యం? మన పందెం పెంచే శ్రమంతా ఎదుటివాడే పడుతున్నాడు!

చివరికి ఓనరు గింజలు అయిపోయాయి. ఆవేశంలో మొలతాడు నుంచి తాళంచెవి ఊడబీకి మధ్యలో పడేశాడు.

"గెలిస్తే ఇది నీదే! ఇగ మోటరు నువ్వే వేసుకో. ఓడితే మాత్రం నీళ్ల ముచ్చట మళ్ల ఎత్తొద్దు. ఏమంటవ్?"

ఇంద్రసేనకు మనోరమ ముఖం, ఖాళీ డ్రమ్ము కళ్ల ముందు తిరిగాయి.

"సరే సార్" అన్నాడు.

ఓనరు ఒక్క ముక్కా మార్చలేదు. ఇంద్రసేన రాజును పారేసి ఒక ముక్క తీశాడు. ఇస్పేటు రాణి! ఓనరు చేతిలో ఉన్నవి రెండు నాలుగులు, మిగతాది ఉత్త కేకలు. పెద్దమనిషి అక్కడికక్కడే తాళంచెవి ఇచ్చేశాడు. ఆ రోజు ఇంద్రసేన మెట్లు దిగిన తీరు చూడాల్సింది! మనోరమ సాయంత్రం పాయసం కూడా చేసింది.

తెల్లవారుజామున ఇంద్రసేన దర్జాగా మోటరు వేశాడు. మోటరు హోరెత్తింది. నీళ్లన్నీ నేరుగా పై ట్యాంకులోకి ఎక్కాయి. మోటరు వేసినా, వేయకపోయినా కిందికి నీళ్లు తిప్పే వాల్వు జగన్నాథరావు వంటింట్లో ఉంది మరి! రెండేళ్లుగా తాళంచెవి మీదే చూపు పెట్టుకున్న ఇంద్రసేనకు పైపు ఎటు పోతుందో చూడాలని తోచలేదు.

పై కిటికీ తెరుచుకుంది.

"ట్యాంకు నిండంగనే బంద్ చెయ్యి ఇంద్రసేనా! రోజు తప్పి రోజు లేవలేక సచ్చిపోతున్న. ఇగ నువ్వున్నవ్, పానం నిమ్మళమైంది."

కిటికీ మూసుకుంది. లోపల గురక మొదలైంది.

కాబట్టి పాఠక మహాశయులారా, దూకుడుగా ఆడేవాడిని చూసి భయపడకండి. ఓపిగ్గా కూర్చుంటే పేకాటలో తప్పకుండా గెలుస్తారు. గెలిచాక ఆయన ఇంట్లోనే కిరాయికి ఉండాలి, అంతే!

మనోరమ బిందె తెచ్చి ఇంద్రసేన చేతికిచ్చింది. "గెలిచినోళ్లు కదా, ఇయ్యాల పక్కింటికి మీరే పోండ్రి."