నడుస్తూ మాట్లాడాలి

ఆ పొద్దున వేసుకున్న పథకం చాలా చిన్నది. రిటైరైన కండక్టరు తన ఇంటి గేటు దగ్గర బయల్దేరి, బస్సు వెళ్ళే దారినే నడిచి, రెండో స్టాపు ఎదురుగా ఉన్న వ్యాయామ కేంద్రం చేరుకోవాలి. గుండె ఆపరేషన్ అయినవాళ్ళకు మళ్ళీ నడక అలవాటు చేసే చోటు అది.

"మాట్లాడుతూ నడవండి బాబాయ్ గారూ," అని అక్కడ వ్యాయామం నేర్పే అమ్మాయి ముందురోజే చెప్పింది. "మాట సాఫీగా వస్తుంటే వేగం సరిపోయినట్టు. తెగిపోతుంటే నెమ్మదించాలి. రేపు ఆగకుండా వచ్చి, రొప్పకుండా నాతో మాట్లాడారంటే, ఇక మిమ్మల్ని ఒక్కరినే పంపమని పిన్నిగారికి నేనే చెప్తా."

ఒక్కరినే! ఆ మాట కోసం ఆయన ఎన్నాళ్ళుగానో ఎదురు చూస్తున్నాడు. ఆపరేషన్ తర్వాత ఆయన గేటు దాటినప్పుడల్లా వెనక భార్య, ఆమె చేతిలో ఆయన చొక్కా అంచు. గుండె పెట్టిన దేవుడి మీదా, దాన్ని బాగుచేసిన డాక్టరు మీదా ఆమెకు సమానంగా నమ్మకం ఉంది. భర్త కాళ్ళ మీదే లేదు. భయాన్ని కూడా కోసి తీసేసే కత్తిని ఆ దేవుడు ఏ డాక్టరుకీ ఎందుకివ్వలేదో మరి.

దేవుడికి దండం పెట్టుకుని బయల్దేరారు. పది అడుగులు వేశారో లేదో, "మాట్లాడరేం?" అంది భార్య.

"ఏం మాట్లాడను?"

"బస్సులో అంతమందిని అరిచి అదిలించిన నోరు! పోనీ, మీ స్టాపులే చెప్పండి."

ఆయన మొహమాటంగా మొదలుపెట్టాడు. "కర్రల మిల్లు... పాలకేంద్రం... గడియారం..."

"గడియారం దగ్గరే కదూ, క్యారేజీ పట్టుకుని నిలబడేదాన్ని. కిటికీలోంచి చెయ్యి చాపి లాక్కునేవారు. ఒక్కనాడైనా నేనందించేదాకా బస్సు ఆపారా?"

"ఎలా ఆపుతానే? టైము!"

"నాకు పరుగు అలవాటు చేసింది మీరే."

ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ గడియారం ఇప్పుడు లేదు, మిల్లూ లేదు. అయినా ఆయన గొంతులో ఒక్కో స్టాపూ వచ్చి ఆగుతోంది, జనం ఎక్కుతున్నారు, దిగుతున్నారు. అలా చెప్పుకుంటూ మొదటి స్టాపు చేరేసరికి అక్కడ నిజంగానే బస్సు నిలబడి ఉంది. కుర్ర కండక్టరు దిగి, కుళాయి దగ్గర సీసా నింపుకుంటున్నాడు. పెద్దాయన కళ్ళకు అదేమీ ఆనలేదు. ఎక్కాల్సినవాళ్ళు ఎక్కేశారు, ఇంకా ఆలస్యమేమిటి? బస్సు ఒంటిని అరచేత్తో చరిచి, "రైట్ రైట్!" అన్నాడు.

స్టీరింగు ముందున్నది మీసాల డ్రైవరు. ఏళ్ళ తరబడి ఆ గొంతు వినే బండి కదిలించినవాడు. బుర్ర ఆలోచించేలోపే పాదం పని చేసింది. బస్సు వెళ్ళిపోయింది.

"ఓరి దేవుడోయ్! ఆపు!" అంటూ కుర్ర కండక్టరు టికెట్ల సంచి చంకలో ఇరికించుకుని పరుగందుకున్నాడు.

చేసిన ఘనకార్యం పెద్దాయనకు అప్పుడు తెలిసింది. "హోల్డాన్! హోల్డాన్!" అని అరుస్తూ పెద్ద పెద్ద అంగలతో వెంటపడ్డాడు. చొక్కా అంచు భార్య చేతిలోంచి జారిపోయింది.

"పట్టుకోండి, పట్టుకోండి! గుండె ఆపరేషనండీ!" అని ఆమె గొల్లుమంది.

రోడ్డు మీది జనం చూశారు. వెనక ఏడుస్తున్న ఆడమనిషి, మధ్యలో అరుస్తున్న ముసలాయన, ముందు సంచితో పారిపోతున్న కుర్రాడు. ఇంకా ఏం కావాలి? పళ్ళబండివాడు బండి అడ్డం పెట్టాడు, మంగలి దువ్వెనతో సహా బయటికి దూకాడు. రెండో స్టాపు ముందు, వ్యాయామ కేంద్రం గుమ్మంలోనే, కుర్రాడు దొరికిపోయాడు.

"ముసలాళ్ళ దగ్గర కొట్టేస్తావురా? ఆపరేషన్ డబ్బులటరా అవి?"

కుర్రాడు నోరు తెరిచాడు. గాలి వచ్చింది గానీ మాట రాలేదు. చేత్తో బస్సును చూపించాడు. "తప్పించుకోడానికి బస్సు కూడా చూసి పెట్టుకున్నాడు!" అన్నాడు మంగలి. ప్రయాణికుల కేకలకు బస్సు ఆ స్టాపులోనే ఆగి ఉంది. డ్రైవరు దిగి, తన కండక్టరును కొడుతున్నారని మీసం మెలేసి మీదికొచ్చాడు. ఇక అందరూ అందరినీ తిడుతున్నారు.

అప్పుడొచ్చాడు పెద్దాయన. "వదలండయ్యా వాణ్ణి. దొంగా కాదు, గింగా కాదు, ఈ బస్సు కండక్టరు. బుద్ధి లేక 'రైట్' అన్నది నేను. తిట్టేదేదో నన్ను తిట్టండి."

డ్రైవరు తల పట్టుకున్నాడు. "నువ్వా అన్నా! నీ గొంతే అనుకున్నా. పైకి పోయావని ఎవరో చెబితే, దేవుడే పంపాడనుకుని కదిలించేశా!"

"పోయాక కూడా నీ బస్సెందుకురా ఎక్కుతాను? నీ తోలుడు నాకు తెలీదూ?"

జనం ఘొల్లుమని నవ్వారు. గుమ్మంలో నిలబడి అంతా చూసిన అమ్మాయి కుర్రాణ్ణి లోపల కుర్చీలో కూర్చోబెట్టి, చేతికి పట్టీ చుట్టి బీపీ చూసింది. తర్వాత పెద్దాయనకూ చూసింది. "నిదానంగా ఊపిరి వదలడం ముందు నీకు నేర్పాలి తమ్ముడూ," అంది కుర్రాడితో. ఆ తర్వాతే రొప్పుతూ వచ్చిన భార్య వైపు తిరిగింది. "పిన్నిగారూ, ఇంత పరుగు తర్వాత రొప్పకుండా మాట్లాడింది బాబాయ్ గారొక్కరే. రేపటినుంచి వదిలేయండి."

భార్య సమాధానం చెప్పబోయింది. మాట రాలేదు. తలూపింది.

మర్నాడు పెద్దాయన ఒక్కడే నడిచి వచ్చాడు, స్టాపులన్నీ తనకు తానే చెప్పుకుంటూ. మొదటి స్టాపులో బస్సు నిలబడి ఉంది. కుర్ర కండక్టరు లోపలినుంచి గొంతు చించుకుని "రైట్ రైట్!" అంటున్నాడు. డ్రైవరు కదల్లేదు. కిటికీలోంచి తల బయటపెట్టి, పెద్దాయన వైపు చూశాడు.

అప్పటినుంచి పెద్దాయన ఒంట్లో కులాసాగా ఉంది, బస్సు మాత్రం రోజూ ఆలస్యంగా నడుస్తోంది.