దంపతుల మధ్య ఆరంగుళాలు

ప్రేమకు కమిటీ వేయకపోవడమే మన పూర్వీకులు చేసిన పెద్ద పొరపాటు!

కాదంటారా? మనవాళ్లు పురుషార్థాలు నాలుగని లెక్క తేల్చి, ధర్మం, అర్థం పక్కనే కామానికి కూడా పీట వేసి కూర్చోబెట్టారు. అక్కడితో ఆగారా? రసాలన్నిటికీ శృంగారమే రాజన్నారు. నాయికల్ని ఎనిమిది రకాలుగా విడదీసి, అలిగినామె ఎలా ఉంటుంది, ఎదురుచూసే ఆమె ఎలా ఉంటుంది అని పండితులు బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. ఇంత చేసినవాళ్లకు ఒక ప్రెసిడెంటును ఎన్నుకోవాలని తోచలేదు!

బయటివాళ్లు మాత్రం తక్కువ తిన్నారా? గ్రీకు పెద్దమనుషులు ద్రాక్షసారా ముందు పెట్టుకుని, ప్రేమ అంటే ఏమిటని వంతులవారీగా ఉపన్యాసాలు ఇచ్చేవారట. పారశీక వైద్యులు ప్రేమను జబ్బుల పట్టీలో చేర్చారు. రోగి నాడి పట్టుకుని ఊళ్లో పేర్లన్నీ ఒక్కొక్కటే పలికితే, ఏ పేరు దగ్గర నాడి ఎగిరిపడుతుందో అదే రోగకారణం! ఫ్రెంచి దొరసానులైతే ఏకంగా సభ తీర్చి, మొగుడూ పెళ్లాల మధ్య ప్రేమ అసలు సాధ్యమేనా అని వాదోపవాదాలు నడిపారని చెబుతారు. సాధ్యం కాదని తీర్పు వచ్చిందట. ఆ ముక్క చదివినప్పుడు నాకు కాస్త పొలమారింది, అది వేరే సంగతి.

వేల ఏళ్లుగా తెగని ఈ వ్యవహారాన్ని మేం మూడు తీర్మానాల్లో తేల్చేశాం. మేమంటే ఈపూరు దగ్గర మా ఊరి గుడి పునర్నిర్మాణ కమిటీ. దానికి కార్యదర్శిని నేనే. దస్తూరీ బాగుంటుందని పెట్టారు.

గుడి ద్వారబంధం చెక్కడానికి దుర్గి ఊళ్లో ఉండే శిల్పి రాజరత్నానికి పని అప్పగించాం. ద్వారబంధం కింది భాగంలో దంపతుల బొమ్మ ఉంటే మంగళమని ఆయన తాతల నాటి లెక్క. సరే అన్నాం. దంపతులంటే చెరోవైపు దణ్ణం పెట్టుకుంటూ నిలబడతారని మా ఊహ.

పని మొదలుపెట్టిన రోజు మా ప్రెసిడెంటు సుబ్బారావు గారు భార్య వీరరాఘవమ్మ గారితో శిల్పశాలకు వెళ్లారు. అక్కడ ఎగిరిన రాతి నలుసు ఆమె కంట్లో పడింది. సుబ్బారావు గారు ఊళ్లో పది తగాదాలు తీర్చే మనిషి, భార్యతో నడిచినా నాలుగడుగులు ముందే నడుస్తాడు. అలాంటివాడు ఆ క్షణంలో చుట్టూ ఎవరున్నారో మరిచిపోయి, ఆమె గడ్డం కింద చెయ్యి వేసి, మొహం పైకెత్తి, ఉఫ్ అని ఊదాడు. ఆమె ఒక కన్ను మూసుకునే నవ్వింది. నలుసు పోయింది. ఆయన మళ్లీ నాలుగడుగులు ముందు నడిచాడు.

రాజరత్నం ముప్పై ఏళ్లుగా చెక్కినవన్నీ తాతలు చెప్పిన కొలతలే. కళ్లతో చూసినదాన్ని చెక్కాలని ఆయనకు మొదటిసారి బుద్ధిపుట్టింది. గడ్డం కింద చెయ్యి, పైకెత్తిన మొహం, ఆ నవ్వు. మొహాలు మాత్రం శాస్త్రప్రకారం మార్చాడు. నెలరోజులు తిండి ధ్యాస లేకుండా చెక్కి, ఫొటో తీసి మా వాట్సాప్ గ్రూపులో పెట్టాడు.

చూడాలి మా గ్రూపు! పొద్దున్నే గులాబీలతో గుడ్‌మార్నింగ్‌లు పెట్టుకునే పెద్దలు ఫొటోను జూమ్ చేసి చేసి, అన్ని మూలలూ పరీక్షించి, ఆ తర్వాతే కళ్లు మూసుకున్నారు. అందరికంటే ముందు 'ఛీ' అన్నది సుబ్బారావు గారే.

ఒకటో తీర్మానం: దంపతుల మధ్య ఆరంగుళాల ఎడం ఉండవలెను.

"రెండూ ఒకే రాయి సార్. జరపడానికి అవేమన్నా కుర్చీలా?" అన్నాడు రాజరత్నం ఫోన్లో. అయినా గుడివాళ్ల మాట కాదనలేక మగబొమ్మ భుజాన్ని అరగదీసి వేలెడు సందు తెచ్చాడు. ఆ భర్త పాపం మలేరియా వచ్చి లేచినవాడిలా తయారయ్యాడు.

రెండో తీర్మానం: స్త్రీమూర్తి నవ్వులో అర్థం ఉన్నది. అర్థము తొలగించవలెను.

దానికీ ఉలి ఎత్తాడు. నవ్వు పోయింది. రాతికి తీయడమే తప్ప పెట్టడం ఉండదు.

మూడో తీర్మానం: గడ్డం కింది చెయ్యి తీసివేయవలెను.

ఈసారి మాత్రం ఆయనకు చెయ్యి ఆడలేదు. ఉలికి పదును పోయిందన్నాడు. జ్వరమన్నాడు. అమావాస్య అన్నాడు. ఆ చెయ్యి కూడా పోతే తను చూసినదానికి ఇక ఆనవాలు మిగలదు. పోనీ అసలు సంగతి చెబుదామా అంటే, 'అది మీరే సార్' అని ప్రెసిడెంటుతో అనగలడా?

పదిరోజులు చూసి కమిటీ కారు కట్టుకుని దుర్గి వెళ్లింది. మాచర్లలో చుట్టాలింటికి పోవాల్సిన పని ఉండి వీరరాఘవమ్మ గారూ ఎక్కారు. సుబ్బారావు గారు జేబులోంచి కొలత టేపు తీశారు. నేను మినిట్స్ పుస్తకం తెరిచాను.

"ఏందయ్యా రాజరత్నం, ఇంకా తియ్యలా? మా ఎదురుగానే కానియ్యి" అన్నారు సుబ్బారావు గారు.

రాజరత్నం ఉలి తీసుకుని బొమ్మ ముందు కూలబడ్డాడు. సుత్తి ఎత్తాడు. దించాడు. మళ్లీ ఎత్తాడు.

"ఆగు అన్నా" అని వీరరాఘవమ్మ గారు ముందుకొచ్చారు. బొమ్మను చానాసేపు చూశారు. అరిగిన భుజాన్ని, నవ్వులేని మూతిని, గడ్డం కింద చేతిని చూసి, రాజరత్నం వైపు తిరిగారు. ఆయన తల దించుకున్నాడు. ఆమెకు అర్థమైపోయింది.

"ఈ చెయ్యి తియ్యమంది ఎవరు?"

"కమిటీ" అన్నారు సుబ్బారావు గారు.

"మరి రేపు నా కంట్లో నలుసు పడితే ఎవరు ఊదాల? కమిటీనా?"

సుబ్బారావు గారు బొమ్మను చూశారు. భార్యను చూశారు. మళ్లీ బొమ్మను చూశారు. పలనాటి మిరపపంటంతా ఆయన మొహంలోనే పండింది. టేపు సర్రున చుట్టుకుని దానంతటదే జేబులోకి పోయింది.

"చెయ్యి ఉండనియ్యి" అన్నారు నేల చూస్తూ.

"నవ్వు మటుకు మళ్లా పెట్టలేనమ్మా" అన్నాడు రాజరత్నం. "రాయి గదా."

"పోనీలే అన్నా, నీ తప్పేముంది. ముప్పై ఏళ్లకు ఒకసారి నవ్వాను, అదీ వీళ్లకు ఎక్కువైపోయింది" అన్నారామె. అందరం నవ్వబోయి ఆగిపోయాం.

పాఠకులారా, నా వాదనలో మార్పు లేదు. కమిటీ ఉండాల్సిందే! ఎందుకంటారా? రాతిబొమ్మల మధ్య ఎడం కొలుస్తూ కూర్చుంటే, ఇంట్లో ఎడం ఎంతుందో కొలిచే పని తప్పుతుంది. పూర్వం వాళ్లకు ఈ సౌకర్యం లేదు. అందుకే పాపం ప్రేమించి, ఆలోచించి, అది చాలక రాళ్ల మీద కూడా చెక్కుకున్నారు.

ఇంటికొచ్చేసరికి మా ఆవిడ ప్రసన్న వంటింట్లో ఉల్లిపాయలు తరుగుతోంది. కళ్లవెంట నీళ్లు కారుతున్నాయి. పాతికేళ్ల కాపురంలో ఆ నీళ్లు నేను చూడడం అదే మొదలు. మినిట్స్ పుస్తకం పక్కనపెట్టి దగ్గరికి వెళ్లి, గడ్డం కింద చెయ్యి వేయబోయాను.

ఆమె ఉలిక్కిపడి కత్తిపీట వెనక్కి జరిపింది. నన్ను ఎగాదిగా చూసి, "ఏంది, ఎవరన్నా పోయారా?" అంది.