భానోజీ గారి ఎర్ర బండి

ఒక పెద్ద అడవిలో, కాలినడక నామోషీ అయిపోయిన రోజుల్లో, పేరిందేవమ్మ అనే, ఒంటినిండా పొలుసులున్న అలుగు ఉండేది. భర్త భానోజీ చలికాలంలో జబ్బుచేసి పోయాడు. ఆయన వదిలి వెళ్ళినవి రెండే: ఒక బొరియ, ఒక ఎర్ర బండి.

ఆ అడవిలో బండ్లు చేసేవి వడ్రంగిపిట్టలు. వాటి దగ్గర రెండు రకాలే దొరికేవి. ‘మెరుపు’ అనేది సన్నగా, ఎర్రగా, నిలబడి ఉన్నా పరిగెత్తుతున్నట్టే కనిపించేది. ‘నెమ్మది’ అనేది బూడిదరంగులో, ధాన్యం పోసుకునే గాదెలా ఉండేది. అలుగులకు చూపు తక్కువ. భార్య దూరం నుంచే తన రాకను గుర్తుపట్టాలని భానోజీ ఎర్రదాన్ని కొన్నాడు. దాన్ని ఏనాడూ ఎద్దుబండి కంటె వేగంగా నడపలేదు.

ఆయన పోయాక పేరిందేవమ్మ నడపడం నేర్చుకుంది. వారానికొకసారి వాగుదాకా వెళ్ళి, కాసేపు కూర్చుని, తిరిగి వచ్చేది. దారిలో చీమలబారు అడ్డం వస్తే, చీమలు తిని బతికే అలుగై పుట్టి కూడా, బండి ఆపి అది దాటేదాకా ఆగేది.

అయితే రహదారి మీద తిరిగే ప్రతి బండికీ బీమా ఉండాలని అడవి శాసనం. ప్రీమియం కట్టని బండిని బీమా మండలి జప్తు చేస్తుంది. ఆ ఏడు ప్రీమియం ఎంతో వినగానే పేరిందేవమ్మకు పొలుసులు నిక్కబొడుచుకున్నాయి.

“ఇంతా?” అంది.

మండలి అధికారి దక్షిణామూర్తి అనే నక్క. ఎంత చేదు మాటనైనా తమలపాకులో చుట్టి ఇచ్చినట్టు చెప్పగలడు. “ఏం చెయ్యమంటారు తల్లీ? మెరుపు వేగం బండి. విడిభాగాలు ఖరీదు. పైగా దొంగలకు మహా ఇష్టం. అన్నీ కలిపితే అంత తేలింది.”

“నేను ఇంతవరకు ఎవరినీ తాకలేదు కదండీ.”

“మీరు జాగ్రత్తపరులు కారని ఎవరన్నారు? కాని మా పట్టికలో మీరు లేరమ్మా. బండి ఉంది.”

ఆమె వెనక నిలబడ్డ చిరుత కిసుక్కున నవ్వాడు. పేరు రణధీర్. అతడి నెమ్మది బండికి ముందు దీపం ఒకటే మిగిలింది. వెనక తలుపు తాడుతో కట్టి ఉంది.

“పిన్నిగారూ, ఇంకా ఆ ఎర్రబండేనా? నన్ను చూడండి. బూడిదరంగు గాదె కొన్నాను. లోపల యంత్రం మాత్రం మెరుపుది పెట్టించాను. కట్టేది మీరు కట్టేదాంట్లో పదో వంతు.”

“మొన్న మా కంచె కూల్చింది నువ్వే కదా నాయనా?”

“నేనెక్కడ పిన్నీ, బండి! అయినా నెమ్మది బండి కూలిస్తే అది చిన్న ప్రమాదం కిందికే వస్తుందిట. సారునడగండి.”

“వస్తుంది” అన్నాడు నక్క, వినయంగా.

ఆ అడవిలో డబ్బుకింద చెల్లే ఇప్పపూలు, ఏడాదిపాటు కూడబెట్టుకున్నవన్నీ ఇచ్చేసి పేరిందేవమ్మ ఇంటికి వచ్చింది. రణధీర్ ఉపాయం మాత్రం ఆమెకంటె ముందే అడవంతా తిరిగింది. దుడుకువాళ్ళందరూ నెమ్మదులు కొని, లోపల మెరుపు యంత్రాలు బిగించుకున్నారు. ఆ ఏడాది గాదెలు గాలిలో ఎగిరాయి. దుప్పుల కొమ్ములు విరిగాయి. ఒక ఎలుగుబంటి తన బండితో సహా తేనెపట్టు మీద పడ్డాడు. మెరుపు నడిపేది ఒక్క పేరిందేవమ్మే మిగిలింది.

ఏడాది చివర మండలి సభ చేసింది. అధ్యక్ష స్థానంలో పెద్దపులి కునికిపాట్లు పడుతున్నాడు. దక్షిణామూర్తి లేచి కొత్త పట్టిక చదివాడు.

“నెమ్మది మహా ప్రమాదకరమైన బండి అని రుజువైంది. మెరుపు వల్ల ఈ ఏడాది ఒక్క ప్రమాదమూ జరగలేదు. కనుక మెరుపుకు ప్రీమియం నామమాత్రం!”

చప్పట్లు మోగాయి. ఎవరో వెళ్ళి పేరిందేవమ్మ బండికి పూలదండ వేశారు. బండి పక్కనే నిలబడ్డ ఆమెను కొంచెం జరగమన్నారు, దండ సరిగా కనబడటం లేదని.

ఆమె జరిగింది. తరువాత దక్షిణామూర్తి దగ్గరికి వెళ్ళి మెల్లగా అడిగింది. “అయ్యా, ఒక్క సందేహం. బండికి బదులు తోలేవాళ్ళను చూస్తే సరిపోదా?”

నక్క అటూ ఇటూ చూసి గొంతు తగ్గించాడు. “సరిపోతుందమ్మా. కాని తోలేవాళ్ళను చూడటం మొదలుపెడితే, ముందుగా అధ్యక్షులవారిని చూడాలి. ఇవాళ సభకు వస్తూ ఆయన తన బండితో మన ద్వారపాలకుణ్ణి తొక్కించారు. చూసేవాడెవడు? మీరా, నేనా?”

పేరిందేవమ్మ బండెక్కి ఇంటిదారి పట్టింది.

మరునాటి నుంచి దుడుకువాళ్ళందరూ గాదెలు వదిలించుకుని మెరుపుల మీద పడ్డారు. వడ్రంగిపిట్టలకు ముక్కు ఆపేటంత తీరిక లేకపోయింది. వానలు వచ్చేసరికి రహదారి పొడుగునా ఎర్రటి చెక్కముక్కలే. ఏడాది తిరిగింది. మళ్ళీ పట్టిక మారింది. మెరుపు ప్రీమియం మొదటిదానికి మూడింతలైంది.

ఈసారి పేరిందేవమ్మ దగ్గర అన్ని పూలు లేవు.

“అమ్మేసి నెమ్మది కొనుక్కోండి తల్లీ” అన్నాడు నక్క. “ఇప్పుడు దాన్ని ఎవరూ తోలడంలేదు. కాబట్టి చాలా క్షేమమైన బండి.”

“ఇది ఆయన నాకోసం కొన్న బండి అండీ.”

“మా పట్టికలో దానికి గడి లేదమ్మా. రేపటికల్లా కట్టకపోతే భటులు వస్తారు.”

ఆమె బయట ఆగిన ఎర్రబండివైపు తిరిగింది. “చక్రాలు తీసేస్తే?”

నక్క నిబంధనలు మనసులో తిరగేశాడు. “చక్రాలు లేనిది బండి కాదు. బండి కానిదాన్ని జప్తు చేసే అధికారం మాకు లేదు.”

వడ్రంగిపిట్ట వచ్చి నాలుగు చక్రాలూ ఊడదీసింది. భటులు వచ్చి చూసి, రాసుకోవడానికేమీ లేక, వెళ్ళిపోయారు. పేరిందేవమ్మ బండి తలుపు తీసింది. ఇక నడపవలసిన అవసరం లేదు గనక భర్త కూర్చునే చోటు ఖాళీగా వదిలి, చాలా కాలం తరువాత, పక్కసీట్లో కూర్చుంది. వాగు కనబడలేదు. అయినా కాసేపు కూర్చుంది.

బయట డప్పులు మోగుతున్నాయి. ఏటా జాగ్రత్తపరుడికి మండలి ఇచ్చే బహుమానం ఆ ఏడు రణధీర్‌కు వచ్చింది. పట్టిక మారడానికి ముందురోజే అతడు మళ్ళీ నెమ్మది కొన్నాడు.

నీతి: బండిని మాత్రం ఆచితూచి ఎంచుకోండి, తోలడం ఎలా తోలినా ఫరవాలేదు.