జబ్బులు పన్నెండే!

లోకంలో జబ్బులు పెరిగిపోయాయని బెంగపడే పాఠకులారా, ఊపిరి పీల్చుకోండి. ఉన్నవి మొత్తం పన్నెండే! కరీంనగర్‌లో ఒక ఆసుపత్రి కంప్యూటర్‌లో స్వయంగా లెక్కపెట్టి వచ్చాను.

మా అత్త బుచ్చవ్వ మోకాళ్ళ నొప్పులకు అక్కడ ఒక కొత్త గోళీ వాడుతోంది. ఇంకా అమ్మకానికి రాని మందు. మేలు చేస్తుందా, కీడు చేస్తుందా అని ముందు ఇలాంటివాళ్ళ మీద చూస్తారు. నెలకోసారి చొప్పదండి నుంచి బస్సులో నేనే తీసుకెళ్తాను. ఆమె చెప్పింది ఎక్కించుకోవడానికి సృజన అనే అమ్మాయి కంప్యూటర్ ముందు కూర్చుంటుంది.

ఇదివరకు డాక్టరు దగ్గర మా అత్త నొప్పి చెప్పడం మొదలుపెడితే మా మరిది పెళ్ళి దాకా పోయి వెనక్కి వచ్చేది. ఇప్పుడా గోల లేదు. తెర మీద జాబితా జారుతుంది: తలనొప్పి, వాంతి, దద్దుర్లు, అలసట... అలా పన్నెండు. ఒకటి ఏరుకోవాలి, అంతే. ఎంత హాయి!

గోళీ మొదలుపెట్టిన నెలకు వెళ్తే, నొప్పి ఎంత ఉందో సున్నా నుంచి పది లోపు చెప్పమన్నారు. మా అత్త బీడీలు చేస్తుంది. ఆమె కొలతలు ఆమెవి.

"మోకాళ్ళు మంచిగనే ఉన్నయ్ బిడ్డా. పొద్దుందాక ఎనిమిది వందలు చేస్తుంటి. గీ గోళీ మింగినకాంచి నాలుగు వందలు దాటుతలే."

సృజన నాలుగు వందలని కొట్టింది. గడి ఎర్రబడింది. ప్రపంచంలో ఏ మూల నొప్పి అయినా పదికి లోబడే ఉండాలట. అదే స్టాండర్డ్!

సంగతేమిటంటే, మోకాళ్ళు బాగై వేళ్ళు తిమ్మిరెక్కాయి. బీడీ చుట్టే తునికాకు పట్టుకున్నదీ లేనిదీ తెలియడం లేదు. కానీ జాబితాలో తిమ్మిరి లేదు. మొదట ఉండేదట. ఈ మందు కోసం జాబితాను సవరించినప్పుడు, ఒక్క పేజీలో పట్టాలని తీసేశారట. "ఇతరములు" అన్నదీ తీసేశారు. జనం అందులో తోచింది రాసి డేటాను మురికి చేస్తారని! ఇల్లాలిగా దీన్ని మెచ్చుకోకుండా ఉండలేను. డబ్బాలన్నిటికీ పేర్లు అంటించాక, పేరులేని పప్పును వంటింట్లోకి రానిస్తామా?

సృజన మంచి పిల్ల. తిమ్మిరిని చేర్చమని పైకి అర్జీ పెట్టబోయింది. అర్జీకీ ఒక జాబితా ఉంది. మార్పు ఎందుకు? కంపెనీ కోరింది, చట్టం మారింది, ఈ రెండే కారణాలు. రోగి చెప్పింది అన్నది లేదు. ఎందుకుంటుంది? రోగులు చెప్పినట్టల్లా మారితే అది స్టాండర్డ్ ఎట్లా అవుతుంది? చట్టం మారిందని నొక్కి పంపింది. రెండు నెలలకు జవాబొచ్చింది, ఏ చట్టమో నంబరు తెలుపగలరని.

చివరికి "అలసట, స్వల్పం" అని ఎక్కించారు. కారణం గడిలో "వృత్తి". గోళీ నిర్దోషిగా బయటపడింది.

"అలుపు గాదు బిడ్డా" అంది అత్త. "అలుపైతే తెలుస్తది. నాకు తెలుస్తనే లేదు."

పోయిన వారం బీడీ కార్ఖానాలో కట్టలు చూసి తీసుకునే అంతయ్య ఆమె కట్టను ఒకసారి నొక్కి చూశాడు. వదులు బీడీలు తిరగ్గొట్టడమే ఆయన ఉద్యోగం. తిరగ్గొట్టలేదు.

"అక్కా, నీ చెయ్యి గిట్లుండదు. వేళ్ళకేమైంది?"

చెప్పింది. ఎప్పటినుంచి అని అడిగాడు. గోళీ మొదలుపెట్టినప్పటినుంచని చెప్పింది.

"మరి గా గోళీ ఎందుకు మింగుతున్నవే?"

ఆ రోజే మానేసింది.

పాపం, అంతయ్య దగ్గర జాబితా లేదు. మనిషిని అడిగి తెలుసుకోవలసి వచ్చింది.