రెండు గడులు, నూట ఎనభై మాత్రలు

మనిషి చేతిలోని కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివే సంస్థ భూమ్మీద ఒక్కటే ఉంది: పరాయి దేశపు కస్టమ్స్ శాఖ.

నేను లిఫ్టులు తనిఖీ చేసే ఉద్యోగిని. ఏ లిఫ్టు ఎంత బరువు మోయగలదో రాసి అతికిస్తాను. (నా నడుముకు అలాంటిదేదీ అతికించుకోలేదు.) ఆరు రోజుల శిక్షణకని విదేశానికి వెళ్లి, అక్కడి విమానాశ్రయంలో ఒక ఇరుకు గదిలో తేలాను. బల్లమీద నా నొప్పి మాత్రలు. ఎదురుగా ఒక అధికారిణి. ఆమె మాటలను స్పీకరు ఫోనులోంచి ఒక దుబాసీ అమ్మాయి తెలుగులో చెబుతోంది.

"డాక్టరు చీటీలో పది రోజులకే రాశారటండి. అదీ పోయినేడాదిదట."

"నొప్పికి తేదీలేం తెలుస్తాయమ్మా?"

అధికారిణి నవ్వలేదు.

"ఆరు రోజులకి నూట ఎనభై ఎందుకంటున్నారండి."

"రోజుకి నాలుగు వేసుకుంటాను. మిగతావి... విమానం ఆలస్యమైతే ఉంటాయని."

అధికారిణి లెక్క కట్టింది.

"ముప్ఫై తొమ్మిది రోజులు ఆలస్యమవుతుందనుకున్నారా అని అడుగుతున్నారండి."

బాధానివారక ద్రవ్య నియమావళి ప్రకారం ఆ దేశంలో నా మాత్రా, మత్తుమందూ ఒకే అరలో ఉంటాయి. నా ముందొక ఫారం పెట్టారు. రెండే గడులు: 'అమ్మడానికి తెచ్చినవాడు', 'అలవాటుపడినవాడు'. మొదటిదానికి తొమ్మిదేళ్ల జైలు. రెండోదానికి మాత్రల జప్తు, మూడు రోజుల వైద్య పర్యవేక్షణ, తిరుగు విమానం.

"నడుంనొప్పి మనిషి అని ఇంకో గడి ఉండాలే?"

"లేదటండి." అమ్మాయి గొంతు తగ్గించింది. "ఇది నా మాటండి. రెండోది పెట్టేయండి."

తమ్ముడి సిగరెట్టు మీద పదకొండేళ్లుగా ఉపన్యసిస్తున్నవాణ్ణి. చెయ్యి వణికింది. (భయమనుకున్నాను. మాత్ర వేళ దాటి అప్పటికి ఆరు గంటలైంది.) రెండో గడిలో టిక్కు పెట్టాను. ప్రభుత్వ ఫారంలో నేను రాసిన మొదటి నిజం అదే.

ఆ మూడు రోజులూ చెమటలు, వాంతులు, కాళ్లలో చీమలు పాకినట్టు నిద్రలేమి. నడుము మాత్రం ఎప్పటిలాగే నొప్పి పెట్టింది, ఇసుమంతైనా పెరగలేదు. మాత్రలు దాని సంగతి ఎప్పుడో వదిలేశాయని అక్కడి వైద్యుడు అన్నాడని దుబాసీ అమ్మాయి చెప్పింది.

ఇంటికి ఫోను చేసి ఫారం సంగతి చెబితే మా ఆవిడ ముందు ఏడ్చింది. తరవాత అడిగింది.

"ఏ గడి పెట్టారు?"

"రెండోది."

"ఏడాదిగా నేను చెబుతున్నదీ అదేగా. నా దగ్గర ఫారం లేకపోయింది."

శిక్షణ లేకుండానే తిరిగొచ్చాను. మన విమానాశ్రయంలో కస్టమ్స్ ఆయన నా నడకను చూసి జాలిపడ్డాడు. పెట్టె తెరవమనలేదు, కాగితం చూపమనలేదు.

"నడుమా సార్? బయటికెళ్లగానే కుడిపక్క మందుల షాపుంది. చీటీ కూడా అడగడు."