సహస్రద్వార వారి మూసిన తలుపు

మానవజాతి ఇంతవరకు కనిపెట్టిన తలుపులన్నింటిలోకీ గట్టిది కంటికి కనిపించని తలుపు. దాన్ని తట్టడానికి వీలుండదు, గొళ్ళెం ఎటువైపు ఉందో తెలియదు, బద్దలు కొడదామంటే చెక్క దొరకదు. రెండువేల ఆరో సంవత్సరం మిరప సీజన్లో ఈ సత్యాన్ని అద్దంకి ప్రాంత ప్రజలకు ఉచితంగా బోధించిన ఘనత సహస్రద్వార బ్రాడ్‌బ్యాండ్ కంపెనీది. (ఉచితంగా అంటే, నెల బిల్లులో కలుపుకుని.)

మొట్టమొదట బోధపడింది మీరావలికి. అతనికి అద్దంకి బస్టాండు ఎదురుగా రేడియోలు, టీవీలు బాగుచేసే కొట్టుంది. బాగుచేయడం అతని వృత్తి, కొత్తవి తయారుచేయడం అతని జబ్బు. ఆ జబ్బు ముదిరి కొట్టు పైన పొడుగాటి ఏంటెన్నా నిలబెట్టాడు. చుట్టుపక్కల పల్లెల్లో, మిరపకాయలు ఆరబోసుకునే కల్లాల దగ్గర, మాటలు వినిపించే డబ్బాలు పెట్టించాడు. మధ్యలో వైరన్నది లేదు, అంతా గాలిలోనే. గుంటూరు మిర్చి యార్డులో గుమస్తాగా ఉన్న అతని బావమరిది కలీం పొద్దున్నే అక్కడి కంప్యూటర్ ముందు కూర్చుని కాయ ఏ ధర పలుకుతోందో, కోల్డ్ స్టోరేజీల్లో చోటుందో లేదో, ఆకాశం ఏమంటోందో చెప్పేవాడు. ఆ మాట ఇంటర్నెట్‌లో వచ్చి, మీరావలి ఏంటెన్నా ఎక్కి, కల్లాల మీద దిగేది. పల్లెల్లో సెల్ ఫోను ఇంకా పనిచేయని రోజులవి.

అయితే కలీం కూర్చునే గుంటూరు మిషను 'ఊ' అననిదే ఇక్కడి డబ్బాలు నోరు విప్పవు, మీరావలి కొట్టులోంచి ఎంత అరిచినా సరే. అలా ఎందుకు పెట్టావయ్యా అంటే, పెద్ద పెద్ద నగరాల్లో అలాగే పెడతారని మీరావలి చాలా గర్వంగా చెప్పేవాడు.

ఇక తలుపుల సంగతి. ఇంటర్నెట్ లైనుకు వేల కొద్దీ తలుపులుంటాయి, ఒక్కో పనికి ఒక్కోటి. చదువుకున్నవాళ్ళు వాటిని పోర్టులంటారు. ఖాతాదారుల భద్రత దృష్ట్యా సహస్రద్వార వారు ఒక మంగళవారం నాడు రెండు మాత్రం ఉంచి మిగతావన్నీ మూసేశారు. ఒకటి పేజీలు చూసుకోవడానికి, ఇంకొకటి మెయిళ్ళు పంపుకోవడానికి. కలీం మాట వచ్చే తలుపు మూసినవాటిలో చేరింది. (అదే కంపెనీకి ఫోన్ల వ్యాపారం కూడా ఉండటం, జనం ఇంటర్నెట్లో మాట్లాడుకుంటే ఆ వ్యాపారానికి గండి పడటం కేవలం యాదృచ్ఛికం. ఈ సంగతి ఎవరూ అడక్కుండానే కంపెనీ వారు ప్రకటించారు.)

మర్నాడే మీరావలి పిన్నమ్మ జుబేదా కొట్టు ముందు బస్సు దిగింది. కౌలు పొలంలో తేజ రకం మిరప వేసి, ఏడాది కష్టమంతా కల్లం మీద ఎండబెట్టుకున్న మనిషి. ఎండితే కోల్డ్ స్టోరేజీకి పోతుంది. తడిస్తే రంగు పోయి తెల్లబడి తాలు కాయవుతుంది. యార్డులో తాలు వంక మొహం తిప్పి చూసేవాడుండడు.

"ఒరేయ్ మీరావలీ, ఆ డబ్బా మూగదై కూర్చుందేందిరా? మబ్బు ఎప్పుడొస్తదో తెలియక రాత్రీ పగలూ కల్లం మీదే చస్తన్నా."

"కంపెనీవాళ్ళు తలుపు మూశారు పిన్నమ్మా."

"మూస్తే తీయమను."

ఆమెకు వ్యవహారం అంత తేలిగ్గా కనిపించింది. మీరావలి కస్టమర్ కేర్‌కు ఫోన్ చేశాడు. సంగీతం సంతృప్తిగా విన్నాక ఒక అమ్మాయి పలికింది.

"సార్, మీ ఇంటర్నెట్ పనిచేస్తుందా?"

"పనిచేస్తుందమ్మా, కానీ ఒక తలుపు..."

"పనిచేస్తే సమస్య లేదు సార్. ఇంకేమైనా సహాయం కావాలా?"

"అమ్మా, మీరు ఒక పోర్టు మూసేశారు. అది తెరవాలి."

"మూసిన పోర్టుల ఫిర్యాదులకు ప్రత్యేక విభాగం ఉంది సార్. మీ కంప్యూటర్లో మా సాఫ్ట్‌వేర్ వేసుకుని అందులో చెప్పాలి."

మీరావలి వేసుకున్నాడు. అది ఎంతకీ తెరుచుకోలేదు. మళ్ళీ ఫోన్ చేసి ఆరా తీస్తే, ఆ సాఫ్ట్‌వేర్ కూడా మూసేసిన తలుపుల్లో ఒకదాని గుండానే పనిచేస్తుందని తేలింది. మరి అది తెరిపించడమెలా అని అడిగాడు. అందులోనే ఫిర్యాదు చేయమంది ఆ అమ్మాయి, ఎంతో మర్యాదగా.

చివరికి ఒంగోలులోని ప్రాంతీయ కార్యాలయానికి స్వయంగా రమ్మన్నారు. తలుపు వాడుకునే మనిషిని వెంట తేవాలి, అందులోంచి ఏం వస్తుందో అధికారికి నమ్మకం కలిగించాలి. ఆకాశం నిర్మలంగా ఉన్న ఒక పొద్దున, కల్లం కాస్త చూస్తూ ఉండమని పక్క కల్లం పిచ్చమ్మకు చెప్పి జుబేదా బయల్దేరింది. చేతిలో చిన్న గుడ్డ మూట ఉంది.

"అదేంది పిన్నమ్మా?"

"మచ్చు. కాయల్లో మంచివి ఏరి తెచ్చా. బల్ల మీద మచ్చు పడకుండా ఏ బేరమైనా తెగిద్దంట్రా?"

గేటు దగ్గర వాచ్‌మన్ జోసఫ్ మీరావలి సెల్ ఫోను తీసి డ్రాయర్లో వేసుకున్నాడు. భద్రత. మూట మాత్రం వదిలేశాడు. నిషిద్ధ వస్తువుల్లో మిరపకాయలు లేవు.

ద్వార భద్రతా విభాగపు ప్రాంతీయ ఉపాధికారి లక్ష్మీకాంత్ గారు వారిని ఎక్కువసేపు పడిగాపులు పడనివ్వలేదు. భోజనం వేళ దాకానే. ఏసీ గదిలో కూర్చోబెట్టి, "ఆ పోర్టులోంచి ఏం వస్తుందమ్మా?" అని సౌమ్యంగా అడిగారు.

"మిరపకాయల సంగతులండీ," అంది జుబేదా. మూట విప్పి మచ్చు బల్ల మీద పోసింది. యార్డులో కొనేవాడికి చూపించినట్టే గుప్పెడు కాయలు తుంచి, రెండు అరచేతుల మధ్య నలిపి, అధికారి ముక్కు దగ్గర పెట్టింది. "ఘాటు చూడండి బాబూ. మందులు కొట్టి తెప్పించింది కాదు."

లక్ష్మీకాంత్ గారు చూశారు. ఆ వెంటనే ఆయన చూడగలిగే స్థితిలో లేరు. ఏసీ ఆ ఘాటును అన్ని సెక్షన్లకూ ఏ పక్షపాతం లేకుండా పంచింది. మూసిన తలుపుల ఫిర్యాదుల విభాగం మొదట తుమ్మింది, బిల్లుల విభాగం తర్వాత దగ్గింది. సిబ్బంది అంతా ముందు తలుపు మీద పడ్డారు. అది ఒకసారికి ఒక్కరికే తెరుచుకుంటుంది. జనం వెనక తలుపుకు పరిగెత్తారు. దానికి తాళం. భద్రత.

"తీయవయ్యా జోసఫ్!" అని అరిచారు లక్ష్మీకాంత్ గారు, కళ్ళు మూసుకునే.

"ఎందుకు తీయాలో తమరు రాసిస్తే తీస్తానండి. తమరు పెట్టిన రూలే."

ఆయన గోడకు ఆనించి ఎలాగో రాసిచ్చారు. అక్షరాలు సరిగా లేవని జోసఫ్ ఒకసారి వెనక్కి పంపాడు కూడా. అక్కడికక్కడే ఒక సర్క్యులర్ వెలువడింది. బయటికి దారి లేకపోవడం ప్రాణాపాయకరం కనుక కార్యాలయపు వెనక తలుపు ఇకమీదట సదా తెరిచి ఉంచాలని అందులో ఉంది. మా తలుపు మాటేమిటని మీరావలి మెట్ల మీదే అడిగాడు. దానికీ దీనికీ సంబంధం లేదని లక్ష్మీకాంత్ గారు ముక్కు తుడుచుకుంటూ స్పష్టం చేశారు.

జోసఫ్ సెల్ తిరిగిచ్చేసరికి అందులో వరసగా కలీం మిస్‌డ్ కాల్స్. మీరావలి ఫోన్ చేశాడు.

"ఎక్కడ చచ్చావ్ రా?" అని కలీం అరిచాడు. "పొద్దుటి నుంచీ మొత్తుకుంటన్నా! గుంటూర్లో కుండపోత, మీ వైపే దిగుతోంది. మిషన్లో చెప్తే పోలేదు. కొట్టుకు చేస్తే ఎవరూ ఎత్తలేదు. పిన్నమ్మను కల్లం మీద టార్పాలిన్ పట్టాలు కప్పుకోమను!"

పిన్నమ్మ పక్కనే ఉంది. పట్టాలు ఊళ్ళో ఉన్నాయి. మధ్యలో ఉన్నదల్లా ఆర్టీసీ బస్సు. మేదరమెట్ల దాటగానే అద్దాల మీద చినుకులు పడ్డాయి. జుబేదా దారి పొడుగునా చీర కొంగుతో కిటికీ అద్దం తుడుస్తూ మబ్బు వంకే చూసింది. తిట్టినా బాగుండేదని మీరావలికి ఏడుపొచ్చింది.

పిచ్చమ్మ ముందు తన కల్లం కప్పుకుని, తర్వాత పాత చీరలు పట్టుకుని జుబేదా కల్లానికి పరిగెత్తింది. ఆమెను తప్పు పట్టడానికి లేదు. చీరలు వానను ఎంత ఆపుతాయో అంతే ఆపాయి. వారం తిరక్కుండా కల్లమంతా తెల్లబడింది. జుబేదా ఆ కాయల మధ్య కూర్చుని, పనికొచ్చేది ఒక్కటైనా ఉందేమోనని వెతుకుతూ ఉండిపోయింది.

ఆమె ఒకరోజు కొట్టుకు వచ్చి ఉన్నప్పుడు ఒంగోలు నుంచి ఫోన్ వచ్చింది. తలుపు సంగతేమోనని మీరావలి ఎగిరి అందుకున్నాడు. లక్ష్మీకాంత్ గారే.

"మీ పిన్నమ్మ గారి కాయ బ్రహ్మాండమయ్యా. ఆవకాయల కాలం వస్తోంది కదా, మా ఇంటికి ఒక బస్తా పంపమని చెప్పు. ధర ఎంతైనా ఇస్తాను."

మీరావలి ఫోను పక్కన పెట్టి పిన్నమ్మకు చెప్పాడు.

"మా పంటలో తడవకుండా మిగిలింది ఆయన బల్ల మీద పోసిన మచ్చు ఒక్కటేనని చెప్పు," అంది జుబేదా. "అదే వాడుకోమను."

మీరావలి ఆ మాట అలాగే చెప్పాడు. ఆ రోజు ఆఫీసులో ఘాటు రేగినందుకు పెట్టిన భద్రతా ఉల్లంఘన కేసులో ఆ మచ్చు సాక్ష్యమని, వాడుకోవడానికి రూల్స్ ఒప్పుకోవని లక్ష్మీకాంత్ గారు విచారం వెలిబుచ్చారు. అయినా దిగులు పడొద్దని, సీలు వేసి ఇనప బీరువాలో పెట్టామని, ఆ కాయలకు ఒక్క చుక్క తడి కూడా తగలదని పిన్నమ్మ గారికి హామీ ఇమ్మన్నారు.