పుట్నాలు మొలిచిన సంవత్సరం

కాలేజీ పిల్లల చేత పరిశోధన చేయించడం కంటే దేశానికి మేలు చేసే పని ఇంకొకటి లేదని నేను గట్టిగా నమ్ముతున్నాను. నమ్మనివాళ్లు ఒక్కసారి మా నాందేడుకు రండి. నూటికి ఎనభై ఏడు పాళ్లు మీరూ నమ్ముతారు. ఈ ఎనభై ఏడు ఎక్కడిదంటారా? అదే చెప్పబోతున్నాను.

డెబ్బై ఎనిమిదో సంవత్సరం దాకా మా కాలేజీలో సైన్సు ఎంతో ప్రశాంతంగా ఉండేది. ప్రయోగం మొదలుపెట్టక ముందే జవాబు తెలుసు. జవాబు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క కట్టుకుంటూ వస్తే రీడింగులు వాటంతట అవే పడేవి. అదీ కష్టమనుకుంటే పోయినేటి సీనియర్ ప్రయోగాలు రాసుకున్న జర్నల్ ఉండనే ఉంది. లోలకం దారాన్ని ఎలుకలు కొరికేసిన ఏడు కూడా క్లాసు మొత్తానికీ సరైన జవాబే వచ్చింది! ఇంతకంటే సైన్సు ఏం చేయాలి?

అటువంటి చోట పైనుంచి సర్క్యులర్ దిగింది. బీఎస్సీ రెండో ఏడు పిల్లలు తలా ఒక పరిశోధన ప్రాజెక్టు సొంతంగా చేయాలి. ప్రిన్సిపాల్ సంతకంతో జర్నల్ ఇవ్వనివాళ్లు ఆ ఏడు మళ్లీ చదవాలి.

బాటనీ చెప్పే శివరాం సారు ఆ కాగితాన్ని రెండుసార్లు చదువుకున్నాడు. నలభై మంది పిల్లలు, ఒక్క మైక్రోస్కోపు. అందులోంచి చూస్తే ఉల్లిపొరా, పావురం ఈకా ఒకేలా కనిపిస్తాయి. బాగా ఆలోచించి, ఎవరికి దొరికిన విత్తనం వాళ్లు తెచ్చుకుని, వంద గింజలు తడిగుడ్డలో చుట్టి, వారం తర్వాత ఎన్ని మొలిచాయో రాయమన్నాడు.

పిల్లలు బెంబేలెత్తిపోయారు. ప్రాజెక్టు కొత్తది కాబట్టి సీనియర్ జర్నల్ లేదు. పాపం, దేన్ని చూసి పరిశోధించాలి? చివరికి పాఠ్యపుస్తకంలో ఒక మూల, మంచి విత్తనం నూటికి ఎనభై ఏడు మొలుస్తుందన్న ఉదాహరణ దొరికింది. అందరి ప్రాణం కుదుటపడింది.

గోధుమలు ఎనభై ఏడు మొలిచాయి. పెసలు ఎనభై ఏడు. పత్తి గింజలు ఎనభై ఏడు. సంగప్ప అనే కుర్రవాడు బస్టాండు దగ్గర పుట్నాలు కొని, సగం తిని, మిగిలినవాటి మీద పరిశోధన చేశాడు. బట్టీలో వేగిన పుట్నాలు నూటికి ఎనభై ఏడు మొలిచాయి! శివరాం సారు ఆ పేజీని చాలాసేపు చూశాడు. కుర్రవాడి దస్తూరి ఈ ఏడు ఎంతో మెరుగుపడిందని సంతోషించాడు.

ఈ మహాకార్యాన్ని ఒకే ఒక్క పిల్ల చెడగొట్టింది. పేరు దేవకి. మా జిల్లాలోనే హిమాయత్‌నగర్ వైపు పల్లెటూరి పిల్ల. తండ్రి హన్మాండ్లు యాసంగి జొన్న వేయడానికి నాందేడ్ మోండా బజారులో విత్తనాల సంచి కొని పెట్టుకున్నాడు. దేవకి అందులోంచే గుప్పెడు తెచ్చింది. ఎంత లోకజ్ఞానం లేని పిల్లంటే, నిజంగానే వంద గింజలు లెక్కపెట్టింది. నిజంగానే తడిపింది. నిజంగానే వారం ఆగింది. ముప్పై ఒకటి మొలిచాయి.

శివరాం సారు మళ్లీ వంద గింజలు చుట్టించాడు. సెలవుల్లో ల్యాబుకు తాళం కాబట్టి ఆ మూటను ఇంటికే తీసుకుపోయాడు. పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి నీళ్లు చిలకరించాలి. భార్య పోయిన నాలుగేళ్లలో ఆ ఇంట్లో వేళకు ఏదైనా అడిగింది ఆ మూట ఒక్కటే. వారం రోజులూ దారిలో ఎవరు నిలబెట్టినా, ఇంట్లో పనుందని చెప్పి హుషారుగా నడిచాడు. ఈసారి ముప్పై మూడు మొలిచాయి.

సంగతి ప్రిన్సిపాల్ దిగంబర్‌రావు గారి దాకా పోయింది.

“ఇత్తనం తప్పు మొలిచి ఉంటది,” అన్నాడాయన. “ముప్పై తొమ్మిది మంది ఒక్క మాట మీద ఉన్నరు శివరాం. ఈ పిల్ల ఒక్కతిది ఏంది?”

ప్రజాస్వామ్యంలో ఇంతకన్నా న్యాయమైన మాట ఉందా? పైగా ఆయన దయగల మనిషి. నలభై జర్నళ్లకూ సగటు కట్టి, ఎనభై అయిదు పాయింట్ ఆరు వచ్చిందని చూపించాడు. జొన్నలు ఒప్పుకోకపోయినా సగటు ఒప్పుకుంది. దేవకి ఎనభై ఏడు రాస్తే సంతకం పెడతానన్నాడు. ముప్పై ఒకటి అంటే సంతకం లేదు, సంవత్సరమూ లేదు. గడువు శనివారం.

శివరాం సారు ఆ మాట పిల్లకు చెప్పడానికి రెండు రోజులు తీసుకున్నాడు. దేవకి తల వంచుకునే విన్నది.

“రాయుమంటే రాస్త సార్. కని మా బాపుకు ఏం చెప్పాలె? కాలేజీ సంతకం ఉంటెనే సంచి మార్చి ఇస్తనన్నడు దుకాణపాయన. అదును పోతున్నదని బాపు రోజూ చేను కాడికి పోయి మన్ను పిసికి చూసి అస్తున్నడు.”

సారు ఆ పిల్ల జర్నల్ తీసి సొరుగులో పెట్టాడు.

శనివారం మధ్యాహ్నం ప్రిన్సిపాల్ గారు స్వయంగా ల్యాబుకు వచ్చాడు. జేబులోంచి మూట కట్టిన చేతిరుమాలు తీసి బల్ల మీద పెట్టాడు.

“ముద్ఖేడ్‌ల నాకు జర భూమి ఉన్నది శివరాం. జొన్నిత్తనం మోండాలనే కొన్న. ఆ పిల్ల బాపు కొన్న దుకాణమే. ఇయ్యి మొలుస్తయో లేదో ఆ పిల్లతోని చూపియ్యి.”

దేవకి తొట్టి దగ్గర తడిగుడ్డలు పిండుతోంది. వెనక్కి తిరగలేదు.

“చూసుడెందుకు సార్? ఎనభై ఏడు మొలుస్తయి. ముప్పై తొమ్మిది జర్నళ్లల్ల ఉన్నది.”

దిగంబర్‌రావు గారు తలుపు వైపు ఒకసారి చూసి గొంతు తగ్గించాడు.

“జర్నల్ల రాసేటియి కావు బిడ్డా. చేన్ల ఏసేటియి.”

శివరాం సారు సొరుగు లాగి జర్నల్ తీశాడు. ముప్పై ఒకటి ఉన్న పేజీ తెరిచి, పెన్ను మూత తీసి, రుమాలు పక్కన పెట్టాడు. ప్రిన్సిపాల్ గారు పేజీని చూశాడు, రుమాలును చూశాడు, సంతకం పెట్టాడు. కాలేజీ ముద్ర కూడా వేయించాడు.

సోమవారమే హన్మాండ్లు సంచి మారింది. ఆ మరుసటి వారం ముద్ఖేడ్ సంచి కూడా అదే దుకాణానికి వాపసు పోయింది. రుమాల్లోవి ఇరవై తొమ్మిదే మొలిచాయట. ఆ సంఖ్య ఏ జర్నల్‌లోనూ లేదు.

పరీక్షకు వచ్చిన బయటి ఎగ్జామినర్ గారు దేవకిని అత్తెసరు మార్కులతో పాస్ చేశాడు. సంగప్ప పుట్నాలకు క్లాసులో మొదటి మార్కు!

కాబట్టి పరిశోధన ఆగకూడదనే నా మనవి. ఒక్క చిన్న సవరణ మాత్రం కోరుతున్నాను. ఇకమీదట జర్నళ్లకు మార్కులు వేసే పెద్దలందరికీ ముందుగా తలా రెండెకరాల భూమి ఇప్పించాలి. ఆ ఎగ్జామినర్ గారికైతే గోదావరి ఒడ్డున మంచి నల్లరేగడే చూసి ఇద్దాం. విత్తనాల భారం నాది. బస్టాండు దగ్గర ఇప్పుడే వేయిస్తున్నారు.